బ్రిడ్జి పికప్పూ, నా గొంతూ

మా తమ్ముడి గిటారులో బ్రిడ్జి పికప్ చచ్చిపోయిన రోజుల్లోనే నా గొంతు తిరిగొచ్చింది. తిరిగొచ్చింది అనడం మర్యాద కోసం. పోయింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. మెడలో థైరాయిడ్ గడ్డ తీసేటప్పుడు గొంతుకు పోయే నరం కాస్త నలిగిందని, మెల్లగా సర్దుకుంటుందని నెల్లూరు డాక్టరమ్మ చెప్పింది. సర్దుకున్నాక చూస్తే గొంతు కొన్ని మెట్లు దిగి అక్కడే కూర్చుంది. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. కుట్టించుకునే ఆడవాళ్లు ఫోన్ చేసి, నేను హలో అనగానే, "సార్, అక్క ఉండాదా?" అని అడిగేవాళ్లు. మొదట్లో "నేనేమే!" అని అరిచేదాన్ని. కొన్నాళ్లకు విసుగొచ్చి, "లేదు, నెల్లూరికి పోయింది" అని పెట్టేసేదాన్ని.

మా ఊరు కృష్ణపట్నం పోయే దారిలో, రొయ్యల గుంటల మధ్య. తమ్ముడు అక్కడి థర్మల్ ప్లాంటులో ఎలక్ట్రీషియను. పొద్దున కంపెనీ బస్సెక్కి పోతాడు, సాయంత్రం అదే బస్సులో దిగుతాడు. మా రెండిళ్లకూ మధ్య గోడ ఒకటే. వాడు గిటారు తీస్తే నా కుట్టు మిషను దగ్గరికి వినిపిస్తుంది, నేను మిషను తొక్కితే వాడికి వినిపిస్తుంది. ఇద్దరం ఒకరినొకరు తిట్టుకుంటూ ఇన్నేళ్లు గడిపేశాం.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. నెల్లూరులో పెద్ద చర్చిలకు పోతే ముందు కీబోర్డు వాయిస్తారు, మనుషులు దాని వెనక నడుస్తారు. మా దగ్గర అంతా తిరగేసి. ముందు ఎవరో ఒకరు పాట ఎత్తాలి. ఏ శ్రుతిలో, ఏ పాట అని ఎవరూ చెప్పరు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లలోంచి ఒక గొంతు లేస్తుంది, వాయించేవాళ్లు గబగబా వెతుక్కుని ఆ గొంతు ఎక్కడుంటే అక్కడికి వచ్చి చేరతారు. రెండో వరుసకు అందరూ అందుకుంటారు. ఆ మొదటి గొంతు మా అమ్మది. అమ్మ పోయాక నాది. నన్నెవరూ నియమించలేదు. అమ్మను పాతిపెట్టి వచ్చిన తర్వాతి ఆదివారం చర్చిలో పాట ఎవరూ ఎత్తకుండా నిశ్శబ్దంగా ఉంటే, ఆ నిశ్శబ్దం భరించలేక నేను ఎత్తాను. అంతే, అది నా పని అయిపోయింది.

ఆపరేషన్ అయ్యాక ఆ పని పాస్టరమ్మ గారు చేశారు. ఆమె ఎంత మంచిదో అంత అపశ్రుతి. పల్లవి ఒక ఊళ్లో మొదలుపెట్టి చరణానికి ఇంకో ఊరు చేరుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్లు మా గుమ్మం ముందు ఆగి, "మేయ్, ఎప్పుడొస్తాదిమే నీ గొంతు?" అని అడిగి పోయేవాళ్లు. ప్రేమతోనే అడిగేవాళ్లు. ఆ ప్రశ్న వింటే మాత్రం నాకు ఒళ్లు మండేది. వచ్చిన గొంతు వాళ్ల ఎదురుగానే మాట్లాడుతోంది కదా!

పాట పాడకుండా ఉంటే ఏమవుతుందో నాకు అప్పుడే తెలిసింది. అన్నం తింటున్నాను, కుడుతున్నాను, పిల్లల్ని కేకలేస్తున్నాను, అన్నీ మామూలే. చర్చిలో చాప మీద కూర్చుంటే మాత్రం ఎవరి ఇంటికో పేరంటానికి వచ్చినట్టు ఉండేది. ప్రార్థనలో పాత గొంతు ఇమ్మని అడిగాను. గట్టిగానే అడిగాను. ఇంకెప్పటికీ పాట ఎత్తలేనేమోనన్న భయం లోపల కూర్చుని ఉంది. ఎవరికీ చెప్పలేదు.

తమ్ముడు ఒక ఆదివారం సాయంత్రం గిటారు పట్టుకుని మా ఇంటికొచ్చి, "ఒక వరస పాడక్కా, చూద్దాం" అన్నాడు. నాకు వచ్చిన చోట, కింద, మెల్లగా మొదలుపెట్టాను. వాడు వెతుక్కుని వచ్చి చేరాడు. చేరాడో లేదో నేను మాయమైపోయాను. పాడుతున్నది నేనే, నా నోరు కదులుతోంది, గొంతు మాత్రం నాకే వినిపించలేదు. గిటారు శబ్దం మందపాటి దుప్పటిలా వచ్చి కప్పేసింది.

"ఆపురా, నన్ను ముంచేస్తుండావు!" అన్నాను.

"నేను గాదక్కా. పికప్పు."

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందిట" అన్నాను.

వాడు కోపం తెచ్చుకోలేదు. ఆ గిటారును నా కత్తిరింపుల బల్ల మీద, కస్టమరు పట్టు ముక్క మీదే, పెట్టేశాడు. నేను కెవ్వుమని ముక్క లాగేసుకున్నాను. ఆ తర్వాతే పికప్ అంటే ఏమిటో చూపించాడు. గిటారు తీగల కింద, చెక్కలో దిగేసి, రెండు చిన్న పెట్టెలు ఉన్నాయి. ఒక్కోదాంట్లో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ చుట్టలు. పైన తీగ కదిలితే ఆ కదలికను ఇవి పట్టుకుని శబ్దం పెంచే యాంప్ పెట్టెకు పంపుతాయి. ఒకటి గిటారు మెడ వైపు ఉంది. దానిది గుండ్రటి, ముద్ద శబ్దం. రెండోది తీగలు బిగించిన ఇనుప పట్టీ పక్కన. ఆ పట్టీని బ్రిడ్జి అంటారు. ఆ చివర తీగ తక్కువగా ఊగుతుంది కాబట్టి అక్కడి శబ్దం సన్నగా, పదునుగా వస్తుంది. మా ఉప్పుగాలికి ఆ రెండోది లోపల తుప్పు పట్టి తెగిపోయింది. ఇప్పుడు వాయించేదంతా మెడ వైపుదే.

"నీ పాత గొంతు పైన ఉండేది. ఈ మెడ వైపుది కింద ఉండేది. ఇద్దరికీ తగాదా లేదు. ఇప్పుడు నువ్వూ ఆడికే వచ్చినావు" అన్నాడు తమ్ముడు. "బ్రిడ్జికి కొత్తది వెయ్యాల."

వాడు ఏదైనా కొనాలనుకుంటే ఊరంతా సలహా ఇస్తుంది. ప్లాంటులో తోటివాళ్లు, చర్చి కుర్రకారు, ఫోన్‌లో వీడియోలు పెట్టే ముక్కూ మొహం తెలియని వాళ్లు, తలా ఒక మాట. అందరూ కలిసి చెప్పింది ఒకటే: బలమైంది వెయ్యి. చుట్లు ఎక్కువ, అయస్కాంతం గట్టిది, తీగ మీద వేలు ఆనితే చాలు కప్పు ఎగిరిపోవాలి. నెల్లూరులో పాత గిటార్లు బాగుచేసే షాపాయన కూడా అదే చేతిలో పెట్టాడు. నచ్చకపోతే తెచ్చి మార్చుకోమన్నాడు కాబట్టి వాడు ధైర్యంగా తెచ్చాడు. సోల్డరింగ్ మా ఇంట్లోనే, నా బల్ల మీదే. వాడి ఇంట్లో బల్ల లేదట. ఆ సీసం పొగ వాసన నా లైనింగు గుడ్డలకు పట్టి, ఒకావిడ "ఏందిమే, జాకెట్టు కాలిన వాసనొస్తుండాది" అని మూతి ముడిచింది.

కొత్త పికప్ బాగుందనే అనుకున్నాం. ఇంట్లో యాంపు చిన్నగా పెట్టి పాడితే నా గొంతు నాకు వినిపించింది. అందుకే ఆ ఆదివారం పాట ఎత్తుతానని పాస్టరమ్మ గారికి ముందే చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని "దేవునికి స్తోత్రం" అన్నది. నాకు సంతోషంగా ఉంది.

చర్చి నిండింది. ఫాన్లు తిరుగుతున్నాయి. నేను ఎత్తాను. ఊరందరికీ వచ్చిన పాట, చిన్నప్పటి నుంచీ పాడిన పాట. కిందనే ఎత్తాను, నాకు వచ్చిన చోట. మొదటి వరస బాగానే పోయింది. రెండో వరసకు ఆడవాళ్లు అందుకున్నారు. నేను ఉన్న చోట కాదు, నేను ఎప్పుడూ ఉండే చోట. ఇన్నేళ్లుగా నేను ఎత్తితే పాట ఎక్కడ మొదలవుతుందో వాళ్ల గొంతులకు తెలుసు. చెవులు వినకముందే గొంతులు అక్కడికి పోయాయి. తమ్ముడి వేళ్లకూ అదే అలవాటు. పాట వినగానే చెయ్యి పాత మెట్టు మీదికి పోయింది. పాత పికప్ అయితే ఆ వెతుకులాట ఎవరికీ వినపడేది కాదు, రెండు తీగలు సవరించుకుని నెమ్మదిగా వచ్చి కలిసేవాడు. ఈ కొత్తది ఉరిమింది. ఆ ఉరుముకు మగవాళ్లు కూడా పాత శ్రుతికే ఎగబాకారు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ ఉలిపికట్టె నేను.

తప్పు నాదే అనుకున్నాను. గబుక్కున పైకి పోబోయాను. గొంతులోంచి గాలి వచ్చింది, పాట రాలేదు. మళ్లీ కిందికి వద్దామంటే కింద ఎవరూ లేరు. నోరు మూసుకుని పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆ పాట నాకు పుస్తకం లేకుండా వచ్చు. పాస్టరమ్మ గారు అందుకుని చివరిదాకా లాక్కొచ్చారు. పక్కన కూర్చున్న అవ్వ, అమ్మ ఈడుది, నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసెయ్యాలనిపించింది, తియ్యలేదు.

ఇంటికొచ్చాక తమ్ముడికి ఒకటే చెప్పాను. "ఇంక నేను పాట ఎత్తను. నీ గిటారులో ఏమైనా వేసుకో. నా జోలికి రావొద్దు."

"సరేలేక్కా" అన్నాడు.

అలా అన్నవాడు ఊరుకోవాలా? సాయంత్రం బస్సు దిగడం, చొక్కా కూడా మార్చకుండా నా బల్ల దగ్గరికి రావడం. పికప్‌కు రెండు పక్కలా ఉండే మరలు వదులు చేసి తీగలకు దూరంగా దించాడు. ఉరుము తగ్గింది కానీ మందం తగ్గలేదు. ఇంకో సాయంత్రం లోపలి సంగతి చెప్పాడు. అందులో రెండు రాగి చుట్టలు పక్కపక్కన ఉంటాయట. ఒకదాన్ని ఆపేసి ఒక్కదానితోనే వాయిస్తే శబ్దం తేలికవుతుందట. వైర్లు విప్పి, అతికించి, వాయించాడు. నిజమే, తేటగా ఉంది. గోడ అవతల నుంచి మా మరదలు కూడా "ఇది బాగుండాది" అన్నది. నేను దారం కొరుకుతూ, విననట్టు నటించాను.

శనివారం ఆ గిటారు పట్టుకుని చర్చికి పోయాడు. నన్ను కూడా రమ్మన్నాడు, "శబ్దం ఎట్టుండాదో దూరాన నిలబడి చెప్పక్కా, పాడొద్దులే" అని. చర్చి ఊడ్చే వంతు కూడా నాదే కాబట్టి పోయాను. ప్లగ్గు పెట్టగానే గుయ్‌మని మొదలైంది. గిటారు ముట్టుకోకుండానే ఈగల గుంపు ముసిరినట్టు శబ్దం. వాడు నాలుగు గోడలూ తిరిగి, ఫాన్ల రెగ్యులేటర్ల దగ్గర ఆగాడు. ఫాన్లు ఆపితే గుయ్ ఆగింది. వేస్తే వచ్చింది. రెండు చుట్టలూ ఉన్నప్పుడు అవి ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉంటాయి కాబట్టి ఆ గోల వాటిలోనే చచ్చిపోతుందట. ఒక్కటే ఉంటే అంతా లోపలికి లాగేస్తుంది.

అప్పుడే వచ్చిన పాస్టరు గారికి వాడు విషయం చెప్పాడు. ఆయన పైకి చూశాడు, చెమట తుడుచుకున్నాడు.

"అబయా, మే నెలలో ఫాన్లు ఆపితే నా వాక్యం వినేదానికి ఎవరూ ఉండరు. గిటారే ఆపుకుందాం" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ ఆదివారం తర్వాత నేను నవ్వడం అదే మొదలు. తమ్ముడు నా మొహం చూసి, మళ్లీ గిటారు వైపు తిరిగాడు. ఇంత అవస్థ ఎందుకురా, మెడ వైపుది ఉందిగా, దానితో వాయించుకో, నేనెలాగూ పాడను కదా అన్నాను. వాడు వైరు చుట్టుకుంటూ ఉన్నాడు. వాడికి గిటారు పిచ్చి, కొత్తది కొనడానికి నా గొంతు ఒక సాకు అనుకున్నాను. కొంచెం మంట కూడా పుట్టింది. నా గొంతు పోయి నేనేడుస్తుంటే వీడికి పికప్పుల గొడవ!

ఆ తర్వాత వాడికి సెలవు దొరికిన రోజు నాకూ నెల్లూరులో లైనింగు గుడ్డ కొనే పని పడింది. వాడి బండి మీదే పోయాం. నన్ను గుడ్డల షాపు దగ్గర దించి, వాడు గిటార్ల షాపుకు పోయాడు. పని అయ్యాక సంచీ పట్టుకుని నేనే ఆ షాపు వెతుక్కుంటూ వెళ్లాను. మెట్ల దగ్గరే వాళ్ల మాటలు వినిపించాయి.

"అందరూ బలమైంది కావాలని ఎగబడతారు. నువ్వేంది అబయా, బలం లేనిది అడుగుతుండావు?" అంటున్నాడు షాపాయన. ఆయన నోట్లో వక్కపొడి, మాట సగం నములుతూ వస్తోంది.

"చుట్లు తక్కువ ఉండేది కావాలన్నా. కానీ రెండు చుట్టలుండాల. గుయ్ అనగూడదు."

"ఎందుకట్టా?"

"మా అక్క పాడతాది. ఆమె గొంతు కిందుండాది. గిటారు కూడా ఆడే నిలబడితే ఆమె కనపడదు. ఆ చోటు నేను ముట్టుకోకూడదు. పైన సన్నగా ఉంటే చాలు, శ్రుతి తెలిస్తే చాలు."

"ఆపరేషన్ అన్నావు గదా మొన్న. గొంతు మళ్లీ వచ్చాక ఏం జేస్తావు? మళ్లీ మార్చుకుంటావా?"

"పోతే గదన్నా రావడానికి. గొంతు ఉండాది. కిందుండాది, అంతే."

నేను మెట్ల మీదే ఆగిపోయాను. డాక్టరమ్మ మెల్లగా సర్దుకుంటుంది అన్నది, ఆడవాళ్లు ఎప్పుడొస్తుంది అన్నారు, నేను దేవుణ్ణి తిరిగి ఇమ్మన్నాను. వీడొక్కడే నా గొంతు ఎక్కడుందో చూసి, అక్కడ చోటు చేస్తున్నాడు. అది కూడా నాకు చెప్పకుండా, ఒక వక్కపొడి మనిషికి చెబుతున్నాడు. వాడి మీద నాకు ఎంత ప్రేమ వచ్చిందంటే, లోపలికి పోయి నెత్తి మీద ఒకటి మొట్టాలనిపించింది. కళ్లు తుడుచుకుని, సంచీ చప్పుడు చేసుకుంటూ పోయాను.

వాడు ఉలిక్కిపడి, "ఎప్పుడొచ్చినావక్కా?" అన్నాడు.

"ఇప్పుడే. అయిందా నీ బేరం?"

షాపాయన లోపలి నుంచి రెండు పికప్‌లు తెచ్చాడు. రెండూ చుట్లు తక్కువవే. రిపేరుకు విప్పిన గిటారు ఒకటి బల్ల మీద ఉంది. దాని బ్రిడ్జి గుంటలో ఒక్కొక్కటే కూర్చోబెట్టి, వైర్లకు క్లిప్పులు తగిలించి వినిపించాడు. మొదటిది వాయిస్తే షాపంతా తియ్యగా అయింది. ఎంత బాగుందో! రెండోది వాయిస్తే చెంచాతో గిన్నె గీకినట్టు, పేలవంగా, సన్నగా ఉంది.

"మొదటిదే తీసుకో. ఇంకేం ఆలోచన?" అన్నాను.

"ఉత్తగా విని చెప్పొద్దక్కా" అన్నాడు తమ్ముడు. గిటారు ఒళ్లోకి తీసుకుని, తల ఎత్తకుండా, "నువ్వు పాడితే తెలుస్తాది" అన్నాడు.

షాపులో ఇంకా ఎవరెవరో ఉన్నారు. కావలి నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్లు గిటారు తీగలు కొనుక్కుంటున్నారు. సార్ గొంతుతో ఈ ఆడమనిషి పాడేదేంది అనుకుంటారని సిగ్గేసింది. వాడేమో తీగల మీద చెయ్యి ఆనించి అలాగే కూర్చున్నాడు. ఇంట్లో ఇన్ని రోజులుగా పాడమని ఎన్నిసార్లు అడగబోయి ఆగాడో అప్పుడు గుర్తొచ్చింది. సంచీ కింద పెట్టి, పుస్తకం లేకుండా వచ్చే ఆ పాటనే మెల్లగా, కిందనే ఎత్తాను.

మొదటి పికప్‌తో పాట బాగానే నడిచింది. కానీ ఆ తియ్యదనం మధ్యలో నా మాటలు నిలబడాలంటే గొంతు తొయ్యాల్సొచ్చింది, మెడలో కుట్లు పడిన చోట బిగిసింది. షాపాయన క్లిప్పులు మార్చి రెండోది పెట్టాడు. మళ్లీ ఎత్తాను. ఒక వరస పాడేసరికి తోయడం మానేశాను. గిన్నె గీకినట్టున్న ఆ శబ్దం ఎక్కడో పైన, అంచు కుట్టులా సన్నగా పోతోంది. కిందంతా నాదే. ఆపరేషన్ తర్వాత నా గొంతును నేను పూర్తిగా విన్నది అప్పుడే. గరుకుగా ఉంది. కొంచెం బొంగురు. మగ గొంతు మాత్రం కాదు. అంత అసహ్యంగా ఏమీ లేదు. నాకు నచ్చింది కూడా.

జాకెట్టు విషయంలోనూ ఇంతే. హ్యాంగరుకు తగిలిస్తే ముద్దొచ్చేది ఒకటి, ఒంటికి సరిపోయేది ఒకటి. ఇన్నేళ్లుగా కుడుతూ ఆ సంగతి నాకు తెలియదా?

"ఈ గీకుడుదే" అన్నాను.

షాపాయన నమలడం ఆపి, "అక్కకు చెవి ఉండాది" అన్నాడు. కావలి కుర్రాళ్లలో ఒకడు, "ఇంకోసారి పాడండక్కా" అన్నాడు. "నాకు జాకెట్లు కుట్టేది ఉండాదబ్బా" అని సంచీ ఎత్తుకున్నాను. బండి మీద ఇంటికి పోయేటప్పుడు సంచీ ఒళ్లో పెట్టుకుని వాడి వెనక కూర్చున్నాను. మెట్ల మీద నేను విన్నానని వాడికి తెలిసి ఉంటుంది.

వాడు ఆ గీకుడుదాన్ని బిగించాక వచ్చిన ఆదివారం పాట ఎత్తుతానని ఎవరికీ చెప్పలేదు. ఎత్తుతానో లేదో నాకే తెలియదు. చాప మీద అవ్వ పక్కన కూర్చున్నాను. పాస్టరు గారు వచ్చారు, తల వంచి ప్రార్థించారు, కుర్చీలో కూర్చున్నారు. ఫాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. పాస్టరమ్మ గారు పుస్తకం తెరిచి, పేజీ వెతుకుతున్నట్టు నటిస్తూ, నా వైపు ఒకసారి చూశారు. ఆమె ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదు. తమ్ముడు గిటారు ఒళ్లో పెట్టుకుని, కుడి చెయ్యి తీగల మీద బోర్లించి కూర్చున్నాడు. నన్ను చూడటం లేదు.

ఎత్తాను. అదే పాట, అక్కడే, కింద.

మొదటి వరస సగమైంది. వాడు వెతకలేదు. తీగ కదలలేదు. ఆ వరస మొత్తం ఒక్కదాన్నే పాడాను, అయినా వాడు రాలేదు. రెండో వరస వచ్చింది. ఇప్పుడు ఆడవాళ్లు అందుకోవాలి. పక్కన అవ్వ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. ఆమె నోరు తెరుచుకోవడం చూసి, గొంతు ఎక్కడికి పోబోతోందో నాకు తెలిసిపోయింది. ఈసారి కూడా పాత చోటికే.

సరిగ్గా అప్పుడు వాడు ఒక్క తీగ మీటాడు. సన్నగా, తేటగా, నేనున్న శ్రుతే. ఇదిగో, ఇక్కడ అన్నట్టు. మళ్లీ మీటాడు.

అవ్వ గొంతు పైన సగం తెరుచుకుని ఆగింది. ఆమె నా వైపు చూసింది. తర్వాత, మెట్లు దిగే ముసలామె ఎలా దిగుతుందో అలా, తడుముకుంటూ కిందికి వచ్చింది. ఆమె వెనక పాస్టరమ్మ గారు దిగారు. వాళ్ల వెనక చాపలన్నీ దిగాయి. మగవాళ్లకైతే పండగే, జన్మలో మొదటిసారి వాళ్లకు అందే శ్రుతిలో పాట దొరికింది, గొంతెత్తి పాడుతున్నారు. ఆడవాళ్లకు మాత్రం ఆ కింద చోటు లేదు. అవ్వ గొంతు రోట్లో పప్పు రుబ్బినట్టు గరగరమంటోంది. పాస్టరమ్మ గారికి అక్కడ గాలి తప్ప ఏమీ రావడం లేదు, అయినా పెదవులు ఆపలేదు. నా వెనక ఎవరో దగ్గి, మళ్లీ కిందనే అందుకున్నారు. వాళ్లు నన్ను కప్పెయ్యలేదు, గిటారు నన్ను కప్పెయ్యలేదు. అన్నీ విడివిడిగా వినిపిస్తున్నాయి నాకు, ఒక్కొక్క గరగరా.

నాకు ఏడుపొచ్చింది. పాట ఆపలేదు. పల్లవి ఎన్నిసార్లు తిరిగినా వాళ్లు ఆ ఇరుకులోనే, నాతోనే ఉన్నారు. పైన వాళ్లకు హాయిగా పాడుకునే చోటుంది, అలవాటైన చోటు. ఒక్కరు కూడా పైకి పోలేదు.